మండలం మూడుసార్లు తెగింది, మళ్ళీ కూర్చోవచ్చా?

పొందూరు దగ్గర ఒక పల్లె నుంచి ఒకావిడ ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయట పెట్టవద్దన్నారు కాబట్టి విషయం మాత్రం చెబుతాను. ఆవిడకు 43 ఏళ్ళు. ఇంట్లోనే జాకెట్లు, డ్రెస్సులు కుడతారు. భర్త విశాఖపట్నంలో ఒక కంపెనీలో పని చేస్తూ శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లవారుజామునే వెళ్ళిపోతారు. అబ్బాయి పాలిటెక్నిక్, అమ్మాయి పదో తరగతి. రెండేళ్ళ కిందట అత్తగారికి పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. అప్పటి నుంచి ఆమెకు అన్నీ మంచం మీదే, అన్నీ ఈవిడే.

ఏడాదిగా ఈవిడ ప్రతి గురువారం సాయంత్రం పట్నంలో ఒక ధ్యాన కేంద్రానికి వెళుతున్నారు. "పెళ్ళయ్యాక మొదటిసారి నా మనసు నా దగ్గర ఉన్నట్టనిపించింది" అని రాశారు. తర్వాత అక్కడ 41 రోజుల మండల దీక్ష ఇచ్చారు. నాలుగింటికి లేచి, స్నానం చేసి, గంటన్నర జపం, ధ్యానం. మధ్యలో లేవకూడదు, పలకకూడదు. ఒంటిపూట భోజనం. ఒక్కరోజు తప్పినా లెక్క మళ్ళీ ఒకటి నుంచి. మొదటిసారి 19వ రోజున నెలసరి వచ్చి ఆగింది. రెండోసారి 26వ రోజున అమ్మాయికి జ్వరం. మూడోసారి 33వ రోజున జరిగింది ఆవిడ మాటల్లోనే చెబుతాను:

"అత్త పిలుస్తోంది. 'అమ్మీ, ఓపాలి రాయే' అని. నేను కళ్ళు మూసుకుని మంత్రాన్ని గట్టిగా పట్టుకున్నాను. ఎంతసేపు పిలిచిందో తెలీదు. చివరికి లేచి వెళ్ళేసరికి పక్కంతా తడిసిపోయి ఉంది. గోడవైపు మొహం పెట్టుకుని ఏడుస్తోంది. నాకు జాలి రాలేదండీ, కోపం వచ్చింది. నోటికొచ్చినట్టు అరిచాను."

అది జరిగిన నాలుగో రోజున అబ్బాయి బండి మీంచి పడి కుడిచెయ్యి విరిగింది. కేంద్రంలో ఒక సీనియర్ సాధకురాలు "మండలం మధ్యలో తెగితే ఇంటి మీద పడుతుంది" అన్నారట. పరిహారానికి హోమం చేయించాలి, 11 వేలవుతుంది అన్నారట. కాశీలో ఉన్న యోగి త్రైలింగ స్వామి శ్మశానంలో ఇరవై ఏళ్ళు కూర్చున్నారు, నువ్వు గంటన్నర కూర్చోలేవా అని కూడా అన్నారట. అప్పటి నుంచి రెండు నెలలుగా ఈవిడ ధ్యానానికి కూర్చోలేదు. సాయంత్రం దీపం పెట్టాలన్నా చెయ్యి వణుకుతోంది. తల తిరుగుతోంది, నిద్ర లేదు. ప్రశ్నలు మూడు రాశారు: అబ్బాయికి నా వల్లే ఇలా అయిందా? నాలుగోసారి మొదలుపెట్టాలా? అసలు నాకు అర్హత ఉందా?

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఏడు పేజీల్లో ఎక్కడా మీ మీద మీరు జాలిపడిన వాక్యం ఒక్కటి లేదు. అబ్బాయి చెయ్యి, అమ్మాయి జ్వరం, అత్తగారి ఏడుపు, అన్నీ మీ ఖాతాలోనే రాసుకున్నారు. ముందు ఆ ముడి విప్పుకుందాం.

అబ్బాయి పడిన చోటు గురించి మీరే రాశారు. ఎవరో ఇల్లు కట్టుకుంటూ రోడ్డు పక్కన పోసిన ఇసుక మలుపు దాకా పరుచుకుని ఉంది, పొద్దున్నే తుంపర పడింది, బ్రేకు వేయగానే బండి జారింది. ఆ వారంలోనే అదే మలుపులో ఇంకొకాయన పడ్డాడని కూడా రాశారు. ఆ ఇసుక, ఆ తడి చాలు అమ్మా కారణానికి. మంచంలో ఉన్న ముసలితల్లి పక్క మార్చడానికి లేచిన కోడలి మీద కోపం తెచ్చుకుని ఆమె కొడుకు చెయ్యి విరగ్గొట్టే దేవుణ్ణి మన పెద్దలు ఎవరూ పూజించలేదు.

ఇది మిమ్మల్ని ఓదార్చడానికి అంటున్న మాట కాదు. గీత రెండో అధ్యాయం 40వ శ్లోకం చూడండి. "నేహాభిక్రమనాశోఽస్తి ప్రత్యవాయో న విద్యతే, స్వల్పమప్యస్య ధర్మస్య త్రాయతే మహతో భయాత్." ఈ దారిలో మొదలుపెట్టింది వృథా పోదు, మధ్యలో ఆగినందుకు దోషం అంటదు, ఏ కొంచెం చేసినా అది పెద్ద భయం నుంచి కాపాడుతుంది. శంకరాచార్యులు దీనికి భాష్యం రాస్తూ రెండు పోలికలు తెచ్చారు. సేద్యంలో మొదలుపెట్టింది నష్టపోవచ్చు, ఇందులో అలా పోదు. వైద్యంలో ఒక్కోసారి మేలుకు బదులు కీడు జరగవచ్చు, ఇందులో అది లేదు. సేద్యంలో పోవడమంటే ఏమిటో మన శ్రీకాకుళం జిల్లావాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిన రాత్రి ఉద్దానంలో ఏళ్ళ తరబడి పెంచిన కొబ్బరిచెట్లు తెల్లారేసరికి నేలమీద ఉన్నాయి. మీరు కూర్చున్న రోజులు అలా కూలిపోయేవి కావని ఆచార్యులు చెబుతున్నారు. 18, 25, 32. కలిపితే 75 రోజులు. మీరు సున్నా దగ్గర ఉన్నానని రాశారు. 75 రోజులు తెల్లవారుజామున నాలుగింటికి లేచి కూర్చున్న మనిషి సున్నా దగ్గర ఎలా ఉంటుంది?

కేంద్రం వాళ్ళ మాటలో ఉన్న నిజాన్ని కూడా పక్కన పెట్టకూడదు. ఒక కోరికతో సంకల్పం చెప్పుకుని, ఇన్ని లక్షల జపమని లెక్క పెట్టుకుని చేసే పురశ్చరణలు మన సంప్రదాయంలో ఉన్నాయి. వాటికి నియమాలు గట్టివే. లోపం జరిగితే ఆ ఫలం అందదంటారు, ప్రాయశ్చిత్తం చెబుతారు. కానీ మీరు ఏ కోరికతో కూర్చున్నారు? "మనసు కాస్త కుదురుకోవాలని" అని మీరే రాశారు. అది ధ్యానం. దానికి కామ్యకర్మల లెక్క తెచ్చి కట్టకూడదు. ఇంకో మాట. 41 రోజుల్లో మీ వయసు ఆడవాళ్ళకు నెలసరి రాకుండా ఎలా ఉంటుంది? మన వైపు చాలా ఇళ్ళలో ఆ రోజులు వదిలేసి మిగతా లెక్క కొనసాగిస్తారు. 19వ రోజున మీ లెక్క కొట్టేసినవారు ఆ సంగతి ఆలోచించలేదు. ఆ ఒక్కటి చదివినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది.

వాళ్ళు మీకు పతంజలి మాట కూడా చెప్పే ఉంటారు, అభ్యాసం ఎడతెగకుండా ఉండాలని. యోగసూత్రాల్లో మొదటి పాదం 14వ సూత్రం. చాలాకాలం, ఎడతెగకుండా, ఆదరంతో చేసిన అభ్యాసమే గట్టిపడుతుందని. మూడు మాటలున్నాయి అందులో. రెండోదాన్ని పట్టుకుని మూడోదాన్ని వదిలేస్తే ఎలా? ఆదరం అనే చోట భయం వచ్చి కూర్చుంటే అది ఎన్ని రోజులు సాగినా గట్టిపడేది భయమే.

ఎడతెగకపోవడమంటే ఏమిటో మీకు మీ ఇంట్లోనే తెలిసినవారున్నారు. "పడిపోకముందు అత్త రోజూ రాట్నం ఒడికేది" అని మూడో పేజీలో ఒక్క ముక్క రాసి వదిలేశారు. నేను ఆ ముక్క దగ్గరే ఆగిపోయాను.

కొన్నేళ్ళ కిందట పొందూరులో ఒక ఇంటి వసారాలో కూర్చుని నూలు ఒడకడం చూశాను. ఒక మూల ఒకామె వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతోంది. ఆ చిన్న చిన్న పళ్ళ మధ్య నుంచి పోగులు పొగలాగా తేలిపోయి వస్తున్నాయి. ఇంకొక పెద్దామె రాట్నం దగ్గర కూర్చుని ఉంది. కుడిచేత్తో చక్రం, ఎడమచేతి వేళ్ళ మధ్య దువ్విన పత్తి ఏకు. చెయ్యి వెనక్కి లాగుతుంటే దారం సాగుతుంది, ముందుకు తెస్తే కదురుకు చుట్టుకుంటుంది. ఆ సన్నటి దారం తెగుతూనే ఉంది. ఊరికే లెక్కపెట్టాను, పావుగంటలో పదకొండుసార్లు తెగింది. తెగినప్పుడల్లా ఆమె చేసింది ఒకటే. కదురు మీద వేలాడుతున్న కొసను తీసి ఏకు మీద ఆనించి, చక్రాన్ని ఒక్క చిన్న తిప్పు తిప్పేది. అతుక్కునేది. నాతో మాట్లాడుతున్న మాట కూడా ఆపలేదు. మొహంలో విసుగు లేదు. తెగిన ప్రతిసారీ కదురు మీద చుట్టిన నూలంతా విప్పి పారేసి మొదటి నుంచి ఒడికితే ఆ ఊళ్ళో ఒక్క పంచె కూడా తయారయ్యేది కాదు.

గీత ఆరో అధ్యాయం 26వ శ్లోకం చెప్పేది ఈ పనే. "యతో యతో నిశ్చరతి మనశ్చంచలమస్థిరమ్, తతస్తతో నియమ్యైతదాత్మన్యేవ వశం నయేత్." మనసు ఎక్కడెక్కడికి పోతే అక్కడక్కడి నుంచి మళ్ళించి తెచ్చుకోమంటున్నాడు. ఎన్నిసార్లు పోతే తప్పో అందులో లేదు. పోతుందని తెలిసే చెప్పాడు. ఒక గంటలో మనసుకు వర్తించేది 41 రోజుల్లో మనిషికి వర్తించదా?

ఇక రెండో ముడి. ఇది మొదటిదానికంటే లోతుగా ఉంది. మీరు తప్పు చేశానని కుమిలిపోతున్నది లేచినందుకు. నాకేమో లేవకుండా కూర్చున్న ఆ కాసేపు గురించి మాట్లాడాలని ఉంది. మీరు నొచ్చుకోవద్దు.

ఆ కాసేపు మీరు పట్టుకున్నది మంత్రమేనా? అవతలి గదిలో ఒక మనిషి పిలుస్తుంటే మీ చెవులు అక్కడే ఉన్నాయి, పళ్ళు బిగించి ఉన్నారు. మంత్రం తలుపు గడియలాగా పనికొచ్చింది అంతే. భారతం అరణ్యపర్వంలో కౌశికుడి కథ మీరు వినే ఉంటారు. చెట్టు కింద తపస్సులో ఉన్నాడు, పైనుంచి కొంగ రెట్ట వేసింది. కోపంగా చూశాడు, అది చచ్చి కిందపడింది. తర్వాత భిక్షకు వెళితే ఇల్లాలు భర్తకు వడ్డించి ఆలస్యంగా వచ్చింది. ఆమె మీదా కోపం. "నేను కొంగను కాను" అని ఆవిడ శాంతంగా చెప్పి మిథిలలో ధర్మవ్యాధుడి దగ్గరికి పంపింది. మాంసం అమ్ముకునే ఆ మనిషి కౌశికుడికి తన ముసలి తల్లిదండ్రుల్ని చూపించి, వీళ్ళే నా దేవుళ్ళు, నువ్వు ఇంట్లో వదిలేసి వచ్చిన నీ తల్లిదండ్రుల దగ్గరికి వెళ్ళు అన్నాడు. తపస్సు పెరిగినకొద్దీ కోపం పెరగడం మీకొక్కరికే కొత్తగా జరిగింది కాదు. నిద్ర తగ్గి, తిండి తగ్గి, లెక్క మీద కన్ను పెట్టినవాళ్ళకు అడ్డొచ్చిన ప్రతి మనిషీ శత్రువుగానే కనిపిస్తారు.

అయితే ఈ కథను మీ మీద ప్రయోగించడం నాకు ఇష్టం లేదు. "అత్తసేవే నీ ధ్యానం, ఇంకేం కావాలి" అనే మాట మన ఆడవాళ్ళకు చాలా తేలిగ్గా చెప్పేస్తారు. చెప్పేవాళ్ళు ఒక్కరోజు కూడా ఆ పక్క మార్చరు. రోజంతా పక్కలు మార్చి, వండి, కుట్టి, పిల్లల్ని చూసుకునే మనిషికి తనదంటూ ఒక గడియ కావాలి. అది మీ హక్కు. దాన్ని వదులుకోమని నేను అనను.

త్రైలింగ స్వామి సంగతి చెప్పారు కాబట్టి ఆ కథలో మిగిలిన సగం కూడా చెబుతాను. ఆయన మన పక్కనే, పూసపాటిరేగ దగ్గర కుమిలిలో పుట్టారు, 1887లో కాశీలో సమాధి చెందారు. శ్మశానంలో ఇరవై ఏళ్ళు కూర్చున్నారన్నది నిజమే, అలాగే చెబుతారు. కానీ తల్లి ఉన్నంతకాలం ఆయన ఇల్లు దాటలేదని, ఆమె పోయాక ఆమెను దహనం చేసిన చోటే కూర్చున్నారని కూడా ఆ చరిత్రలే చెబుతాయి. ఆయన్ని చూపించి మిమ్మల్ని తక్కువ చేసినవారు ఆ ముందు భాగం చెప్పడం మరిచిపోయారు.

మరి ఇప్పుడేం చేయాలి? మీకు ముందున్న దారులు నాకు కనిపించినంతవరకు చెబుతాను. ఎంచుకోవాల్సింది మీరే, మీ ఇల్లు మీకు తెలిసినట్టు నాకు తెలీదు.

నాలుగో మండలం పూర్తి చేయాలనే పట్టుదల మీలో ఉంది, ఉత్తరంలో తెలుస్తోంది. చేయవచ్చు. కానీ ఇప్పుడున్న ఏర్పాటుతో మాత్రం వద్దు. వారానికి ఆరు రోజులు ఇంట్లో మరో పెద్దదిక్కు లేదు, అత్తగారికి తెల్లవారుజామునే అవసరం పడుతుంది, కాబట్టి మళ్ళీ తెగుతుంది. తెగితే ఈసారి మీరు మరీ కుంగిపోతారు. ఆమదాలవలసలో ఆడపడుచు ఉన్నారని రాశారు. ఆరు వారాలు తల్లిని ఆమె తీసుకెళితేనో, వచ్చి ఇక్కడ ఉంటేనో అప్పుడు మొదలుపెట్టండి. ఈ మాట మీరు అడిగితే "అత్తను వదిలించుకోవడానికి" అని పేరు వస్తుంది. మీ ఆయన తన చెల్లెలితో మాట్లాడాలి. ఆమె ఒప్పుకున్నా, మంచం మారితే పక్షవాతం మనిషికి ఇబ్బందే. కొత్తచోట రాత్రిళ్ళు భయపడతారు. అదీ లెక్కలో పెట్టుకోండి.

రెండోది, లెక్క వదిలేసి రోజుకొక మాల, సాయంత్రం దీపం, అంతే. భయం తొందరగా తగ్గుతుంది. ఒక చిక్కుంది. లెక్క లేని పని మెల్లగా జారిపోతుంది. ఇవాళ బట్టలు ఇవ్వాలి, రేపు చుట్టాలు, అలా నెల తిరిగేసరికి మాల ఎక్కడుందో వెతుక్కుంటారు. మీ స్వభావానికి ఏదో ఒక పట్టు ఉండాలనిపిస్తోంది.

మూడోది నాకు ఎక్కువ నచ్చింది. నాలుగున్నరకు లేవండి. ముందు అత్తగారి దగ్గరికి వెళ్ళండి, ఆమె పిలవక ముందే. పక్క మార్చి, ఒళ్ళు తుడిచి, నాలుగు గుక్కలు వేణ్ణీళ్ళు పట్టించండి. స్నానం చేసి వచ్చి ఆ గదిలోనే, ఆమె మంచానికి కాస్త ఎడంగా, చాప వేసుకుని అరగంట కూర్చోండి. "ఆ గదిలోనా, ఆ వాసనలోనా" అని మీకు అనిపించవచ్చు. గీత కూడా శుచిగా ఉన్న చోటే ఆసనం వేసుకోమంది. మీరు అప్పుడే దుప్పటి మార్చి, ఫినాయిల్‌తో తుడిచి, ఒక అగరొత్తి వెలిగించారు. మీ ఇంట్లో ఆ గడియకు అంతకంటే శుచి అయిన చోటు ఏది? ఆమె పిలిస్తే కళ్ళు తెరిచి చూడండి. అవసరమైతే లేవండి, చేతులు కడుక్కుని వచ్చి మళ్ళీ కూర్చోండి. ఆ రోజు లెక్కలో ఉన్నట్టే. ఇందులో మీరు పోగొట్టుకునేదీ ఉంది. ఒంటరితనంలో ఉండే ఆ నిశ్శబ్దం ఈ గదిలో దొరకదు. కొన్నాళ్ళు ధ్యానం చేసినట్టే అనిపించదు. కేంద్రంలో "ఇది తక్కువ" అంటారు. అందుకే ఆదివారం ఒక్కరోజు మీ ఆయన తల్లి పక్కన ఉండాలి, మీరు లోపలి గదిలో తలుపు వేసుకుని గంట కూర్చోవాలి. ఆదివారం ఆయనకు విశ్రాంతి రోజే, నిజమే. మీకు అలాంటి రోజు వారంలో ఒక్కటీ లేదు.

పతంజలి మొదటి పాదం 33వ సూత్రంలో మనసు తేటపడడానికి చెప్పిన వాటిలో దుఃఖంలో ఉన్నవారి పట్ల కరుణ కూడా ఒకటి. మిమ్మల్ని బలవంతంగా కరుణ తెచ్చుకోమనను, అలా రాదు. ఆ రోజు గోడవైపు తిరిగి ఆవిడ ఎందుకు ఏడ్చారో ఒక్కసారి ఆలోచించండి. కోడలు రాలేదని కాకపోవచ్చు. ఏళ్ళ తరబడి తన చేతులతో సన్ననూలు ఒడికిన మనిషి, ఇవాళ దారం లాగిన ఆ ఎడమచెయ్యి పక్కన బరువుగా పడి ఉంది, పక్క తడిసినా తానుగా తొలగలేదు. అరిచినందుకు ఆమెతో ఒక్కమాట చెప్పారా అని మీ ఉత్తరంలో వెతికాను. లేదు. చెప్పండి. పెద్ద మాటలక్కర్లేదు, "ఆ రోజు కోపంలో అనేశాను అత్తా" అంటే చాలు.

కేంద్రం మానేయాలా అని మీరు అడగలేదు కానీ ఆ భయం వాక్యాల మధ్య ఉంది. మీకు ఇంటి గడప దాటి వెళ్ళే చోటు అదొక్కటే. అక్కడ నలుగురు మనుషులు మీ పేరు పెట్టి పిలుస్తారు. దాన్ని తొందరపడి తెంచుకోవద్దు. మీకు దీక్ష ఇచ్చిన గురువుగారిని నేరుగా కలిసి, ఇంటి పరిస్థితి ఇది, ఇంట్లో రోగి ఉంటే నియమం ఏమిటి అని అడగండి. సడలించి చెబితే అది మంచి చోటే. ఆయన కూడా భయపెడితే అప్పుడు ఆలోచించండి. హోమం డబ్బు మాత్రం ఇప్పుడు కట్టవద్దు. భయంతో చేయించిన హోమం ఆ భయానికే నెయ్యి పోస్తుంది. అబ్బాయి చెయ్యి నయమై, మీకు సంతోషంగా చేయించాలనిపించిన రోజున మీ పంతులుగారితో ఇంట్లోనే చేయించుకోవచ్చు.

మీ ఆరోగ్యం గురించి రెండు మాటలు గట్టిగా చెప్పాలి. పదకొండింటికి పడుకుని నాలుగింటికి లేవడం, ఒంటిపూట తిండి, రోజంతా మిషన్ కుట్టడం, అత్తగారిని ఎత్తి దించడం. తల తిరగక ఏమవుతుంది? ఆరో అధ్యాయం 16వ శ్లోకంలో అతిగా తినేవాడికీ, బొత్తిగా తినని వాడికీ, అతిగా నిద్రపోయేవాడికీ, నిద్ర మానేసినవాడికీ యోగం కుదరదని కృష్ణుడు అర్జునుడికి స్పష్టంగా చెప్పాడు. పొద్దున్నే ఒక గ్లాసు చోడంబలి తాగండి. రాత్రి పదింటికల్లా పడుకోండి. ఈ వారంలోనే ఆసుపత్రికి వెళ్ళి బీపీ, రక్తం శాతం చూపించుకోండి. మీ వయసులో నెలసరి ఎక్కువై రక్తం తగ్గడం మామూలే. నిద్ర పట్టకపోవడం, చెయ్యి వణకడం కూడా డాక్టరుకు దాచకుండా చెప్పండి.

అర్హత సంగతి అడిగారు. దానికి నా దగ్గర కొలబద్ద లేదు. మూడుసార్లు ఆగి నాలుగోసారి అడుగుతున్నారు, నాకు అది చాలు.

ఆ 11 వేలల్లోంచి కొంత తీసి అత్తగారికి ఒక మంచి రబ్బరు షీటు, కుడిచేతికి అందేలా ఒక కాలింగ్ బెల్ కొనండి. గొంతు చించుకోకుండా పిలుచుకుంటారు. ఇంకో జపమాల కొని ఆమె కుడిచేతిలో పెట్టండి. చక్రం తిప్పిన చెయ్యి అది, ఊరికే ఉండలేదు. దీపం మాత్రం ఇవాళ సాయంత్రమే పెట్టండి. చెయ్యి వణికితే అమ్మాయిని పక్కన నిలబెట్టుకోండి.